తాగనివాళ్లంటే ఎవరు? మద్యం మీద పరిశోధన వార్తలు చదివే పద్ధతి

నేను మెడికల్ పీజీ విద్యార్థులకు బయోస్టాటిస్టిక్స్ చెబుతాను. సబ్జెక్టు పేరు వినగానే సగం క్లాసుకు ఆవులింతలు వస్తాయి. అందుకే మొదటి క్లాసుకు ఎప్పుడూ మద్యం మీద రాసిన పేపర్లే పట్టుకెళ్తాను. అప్పుడు వెనక బెంచీ కూడా నిటారుగా కూర్చుంటుంది. "మేడమ్, రోజుకో పెగ్గు గుండెకు మంచిదే కదా?" అని ఒకరు అడుగుతారు. "ఒక్క చుక్క కూడా విషమేనట" అని ఇంకొకరు అందుకుంటారు. ఇద్దరి దగ్గరా పేపర్లుంటాయి. రెండూ పేరున్న జర్నళ్లలో వచ్చినవే.

ఆ తగువు తీర్చడానికి నేను వాడే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. దీనికి డాక్టరు చదువు అక్కర్లేదు. వార్త దగ్గర ఆగిపోకుండా అసలు పేపరు తెరిస్తే చాలు. చాలా పేపర్లకు కనీసం సారాంశమైనా ఉచితంగా దొరుకుతుంది.

ముందు తాగనివాళ్లని చూడండి

అందరూ తాగేవాళ్ల అంకెలే చూస్తారు. మీరు తాగనివాళ్ల దగ్గర మొదలుపెట్టండి. "మితంగా తాగేవాళ్లు ఎక్కువకాలం బతికారు" అని రాస్తే, ఎవరికన్నా ఎక్కువకాలం? తాగనివాళ్లకన్నా. మరి ఆ తాగనివాళ్లలో ఎవరెవరున్నారు? పుట్టి బుద్ధెరిగాక గ్లాసు ముట్టనివాళ్లున్నారు. లివర్ పాడైతే డాక్టరు మాన్పించినవాళ్లున్నారు. బీపీకో షుగర్‌కో మందులు మొదలయ్యాక మానేసినవాళ్లు, వయసు మీదపడి ఒంట్లో సత్తువ లేక మానేసినవాళ్లు కూడా అందులోనే ఉన్నారు. వీళ్లందరినీ కలిపి ఒకే గుంపు చేస్తే ఆ గుంపు ఆరోగ్యం ఎలా ఉంటుంది? దాని పక్కన నిలబడితే రోజుకో గ్లాసు తాగేవాళ్లు నిగనిగలాడుతూ కనిపించడంలో వింతేముంది?

ఈ లొసుగును 1988లో లాన్సెట్ అనే బ్రిటిష్ వైద్య పత్రికలో గెరాల్డ్ షేపర్ బృందం గట్టిగా ఎత్తి చూపింది. బ్రిటన్‌లో 40 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న 7,735 మంది మగవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం అది. తాగనివాళ్ల గుంపులో చాలామంది ఒకప్పుడు తాగినవాళ్లేననీ, జబ్బులు వచ్చాక మానారనీ అందులో తేలింది. ఇంత స్పష్టంగా చెప్పినా జనం చెవికి ఎక్కలేదు. నాలుగేళ్లు తిరక్కుండా అదే లాన్సెట్‌లో సెర్జ్ రెనో, మిషెల్ ద లోర్జెరిల్ రాసిన 'ఫ్రెంచి వైపరీత్యం' పేపరు వచ్చింది. ఫ్రాన్సులో అంత కొవ్వు తిని కూడా గుండెజబ్బులు తక్కువెందుకున్నాయంటే వైన్ వల్ల కావచ్చన్నది దాని వాదన. ఇది మాత్రం ఊరూరా పాకింది. మనకు నచ్చే మాట మోసే పేపరుకు కాళ్లు ఎక్కువ.

కాబట్టి పేపర్లో 'మెథడ్స్' అనే భాగానికి వెళ్లి, పోలికకు ఎవరిని తీసుకున్నారో చూడండి. 'నెవర్ డ్రింకర్స్', 'లైఫ్‌టైమ్ అబ్‌స్టైనర్స్' అని ఉంటే ఎన్నడూ తాగనివాళ్లని విడిగా తీశారన్నమాట, కొంత నయం. ఉత్త 'నాన్ డ్రింకర్స్' అనో, 'గత 12 నెలల్లో తాగనివాళ్లు' అనో ఉంటే అనుమానించండి. మానేసినవాళ్లు ఆ గుంపులో కలిసిపోయి ఉంటారు.

ఈ కలగాపులగాన్ని సరిచేస్తే ఏమవుతుందో చూపించిన పేపరు 2023లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 107 అధ్యయనాలు, మొత్తం 48 లక్షలకు పైగా జనం. మానేసినవాళ్లని వేరుచేసి, మిగతా తేడాలు కూడా లెక్కలోకి తీసుకున్నాక, రోజుకు 25 గ్రాముల (స్వచ్ఛమైన ఆల్కహాల్ లెక్కన) లోపు తాగేవాళ్లకు ఆయుష్షు పెరిగిందనడానికి ఆధారం మిగల్లేదు. ఆడవాళ్లకు రోజుకు 25 గ్రాములు, మగవాళ్లకు 45 గ్రాములు దాటితే చావు ముప్పు పెరగడం మాత్రం స్పష్టంగా కనిపించింది.

ఆ తర్వాత మొదటి పట్టిక

పేపర్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు 'టేబుల్ 1'. ఫలితాలేమీ ఉండవు కాబట్టి విద్యార్థులు దాన్ని దాటేసి పోతారు. నేను మాత్రం అక్కడే కూర్చుంటాను. నిలువు వరసల్లో తాగనివాళ్లు, తక్కువ తాగేవాళ్లు, మితంగా తాగేవాళ్లు, ఎక్కువ తాగేవాళ్లు ఉంటారు. అడ్డ వరసల్లో వయసు, చదువు, ఆదాయం, సిగరెట్, బరువు, వ్యాయామం, ముందునుంచీ ఉన్న జబ్బులు. మితంగా తాగేవాళ్ల వరస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రండి. చాలా పాశ్చాత్య దేశాల పేపర్లలో ఈ గుంపుకు చదువు ఎక్కువ, డబ్బు ఎక్కువ, వ్యాయామం ఎక్కువ, షుగర్ తక్కువ. వాళ్ల గుండె బాగుండటానికి కారణాలు ఆ పట్టికలోనే వరసగా కనిపిస్తుంటే, చేతిలో ఉన్న గ్లాసుకు మార్కులెందుకు వెయ్యాలి?

2005లో అమెరికాలో టిమోతీ నైమీ బృందం సరిగ్గా ఇదే లెక్క వేసింది. గుండెజబ్బుకు దారితీసే 30 అంశాలు తీసుకుని చూస్తే, వాటిలో 27 తాగనివాళ్లలోనే ఎక్కువగా ఉన్నాయి. "వాటన్నిటికీ సర్దుబాటు చేశాం" అని, అంటే ఆ తేడాల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశామని పేపర్లు రాస్తాయి. చేస్తారు, నిజమే. కానీ కొలిచినవాటికే సర్దుబాటు చెయ్యగలం. మనిషికి స్నేహితులెందరు, వేళకు డాక్టరు దగ్గరికి వెళ్లే అలవాటుందా, చిన్నప్పుడు ఇంట్లో పరిస్థితి ఏంటి? ఇవి చాలా సర్వేల్లో ఉండవు. 2022లో యూకే బయోబ్యాంక్ అనే బ్రిటన్ ఆరోగ్య సమాచార భాండాగారంలోని 3.7 లక్షల మంది మీద వచ్చిన ఒక పేపర్లో జీవనశైలి వివరాలు కలిపే కొద్దీ మితంగా తాగడం వల్ల గుండెకు వచ్చిందనుకున్న లాభం తగ్గుతూ వచ్చింది. అలా కరిగే లాభం కనిపిస్తే, ఇంకా కొలవనివి కూడా కలిపితే ఏం మిగులుతుందని అడగాలి.

జన్యువు వేసిన చీటీ

మనుషుల్ని చీటీ వేసి రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో ఇరవై ఏళ్లు తాగించి, రెండో గుంపుని ఇరవై ఏళ్లు ముట్టనివ్వకుండా ఉంచితే అసలు సంగతి తేలిపోతుంది. అది జరిగే పని కాదు. కానీ ప్రకృతి ఒక చీటీ వేసి పెట్టింది.

మద్యంలో ఉండే ఇథనాల్‌ను లివర్ రెండు దశల్లో విడగొడుతుంది. మొదటి దశలో అది అసిటాల్డిహైడ్ అవుతుంది. ఇది విషపదార్థం, డీఎన్ఏను దెబ్బతీస్తుంది. రెండో దశలో ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్ దాన్ని అసిటేట్‌గా మార్చి ఆ విషాన్ని వదిలిస్తుంది. తూర్పు ఆసియాలో చాలామందికి ఈ ఎంజైమ్ పుట్టుకతోనే సరిగా పనిచెయ్యదు. ఒక్క గ్లాసుకే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, కడుపులో తిప్పేస్తుంది. దాంతో వాళ్లలో ఎక్కువమంది తాగరు, తాగినా కొద్దిగానే. ఈ జన్యువు ఎవరికి వస్తుందో తల్లి కడుపులోనే తేలిపోతుంది. దానికి జీతంతో పనిలేదు, చదువుతో పనిలేదు, షుగర్ వచ్చి మానేశారా అన్న గొడవ లేదు.

చైనాలో ఐదు లక్షలకు పైగా జనాన్ని పదేళ్లపాటు గమనించిన కడూరీ బయోబ్యాంక్ అధ్యయనం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. అదే జనం, అవే జబ్బులు, రెండు రకాలుగా లెక్కగట్టారు. మగవాళ్లు నోటితో చెప్పిన లెక్క ప్రకారం చూస్తే పాత కథే: వారానికి సుమారు 100 గ్రాములు తాగేవాళ్లకు పక్షవాతం అందరికన్నా తక్కువ. జన్యువుని బట్టి చూస్తే ఆ లాభం మాయమైంది. తాగుడు పెరిగే కొద్దీ బీపీ, పక్షవాతం ముప్పు పెరుగుతూనే పోయాయి. వారానికి 280 గ్రాములు పెరిగితే మెదడులో రక్తం గడ్డకట్టే రకం స్ట్రోక్ ముప్పు 27 శాతం, రక్తనాళం చిట్లే రకం 58 శాతం ఎక్కువ. గుండెపోటు విషయంలో మాత్రం అటూ ఇటూ తేలలేదు. నష్టమూ కనిపించలేదు, లాభమూ కనిపించలేదు. ఈ వాక్యాన్ని రెండు వర్గాలవాళ్లూ దాటేస్తారు.

ఈ పేపర్లో నాకు బాగా నచ్చింది ఆడవాళ్ల లెక్క. అక్కడ ఆడవాళ్లలో వారం వారం తాగేవాళ్లు 2 శాతమే. వాళ్లలోనూ అవే జన్యువులున్నాయి, కానీ తాగరు. ఒకవేళ ఆ జన్యువే వేరే దారిలో పక్షవాతం తెస్తుంటే, ఆడవాళ్లలో కూడా తేడా కనిపించాలి. కనిపించలేదు. అంటే జన్యువు తాగుడు ద్వారానే పనిచేస్తోందన్నమాట. పరిశోధకులు తమ పద్ధతిని తామే ఇలా పరీక్షకు పెట్టుకున్నారో లేదో ఏ పేపర్లోనైనా వెతకండి.

ఒక డ్రింక్ అంటే ఎన్ని గ్రాములు?

పేపర్లో 'ఒక డ్రింక్' అని ఉంటే గ్రాముల్లోకి మార్చేవరకు ముందుకు వెళ్లొద్దు. బ్రిటన్‌లో ఒక యూనిట్ అంటే 8 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. ఆస్ట్రేలియాలో ఒక డ్రింక్ 10 గ్రాములు, అమెరికాలో 14. అమెరికా వార్తలోని 'రోజుకు రెండు' బ్రిటన్ పేపర్లో మూడున్నర అవుతుంది.

లెక్క తేలికే. మిల్లీలీటర్లను సీసా మీద రాసిన శాతంతో గుణించి, 100తో భాగించి, వచ్చినదాన్ని 0.789తో గుణించండి. 5 శాతం ఉన్న 330 మి.లీ. బీరులో 13 గ్రాములు. 12 శాతం ఉన్న 150 మి.లీ. వైన్‌లో 14. 40 శాతం ఉన్న 60 మి.లీ. విస్కీలో దాదాపు 19. అంటే పైన చెప్పిన 25 గ్రాముల గీత రెండు బీర్లకే దాటిపోతుంది.

ఇంకో చిక్కు: జనం తక్కువ చేసి చెబుతారు. చాలా దేశాల్లో సర్వేల్లో చెప్పిన తాగుడంతా కూడితే, అమ్ముడైన మద్యంలో సుమారు సగమే లెక్కకు వస్తుంది. తర్వాత, సగటు. వారానికి 70 గ్రాములంటే రోజుకు 10 కావచ్చు, శనివారం రాత్రి ఒక్కసారిగా 70 కావచ్చు. లివర్ గంటకు ఇంచుమించు 7 నుంచి 10 గ్రాములే వదిలించగలదు. కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు. ఆ 70 గ్రాములు ఒకేసారి పడితే మర్నాడు ఉదయం దాకా రక్తంలో ఉంటుంది. ఈ రెండు అలవాట్లనీ ఒకే గడిలో వేసిన పేపరుని నేను పెద్దగా పట్టించుకోను.

శాతాన్ని మనుషుల్లోకి మార్చండి

2018లో లాన్సెట్‌లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం 'అసలు తాగకపోవడమే అన్నిటికన్నా క్షేమం' అని తేల్చింది. దాని అంకెలు చూడండి. ఏడాదిలో లక్షమంది తాగనివాళ్లని తీసుకుంటే, మద్యంతో సంబంధమున్న జబ్బుల్లో ఏదో ఒకటి 914 మందికి వస్తుంది (వీళ్లు తాగకపోయినా). రోజుకు 10 గ్రాములు తాగే లక్షమందిలో అది 918. నలుగురు ఎక్కువ. 20 గ్రాములకు 977. 50 గ్రాములకు 1,252. బ్రిటన్ గణాంకవేత్త డేవిడ్ స్పీగల్‌హాల్టర్ దీన్ని తిరగేసి చెప్పాడు: 25 వేల మంది ఏడాది పొడవునా రోజుకు 10 గ్రాములు తాగితే, అదనంగా ఒక్కరికి జబ్బు చేస్తుంది. పేపరు చెప్పింది అబద్ధం కాదు, ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. మొదటి గ్లాసు దగ్గర ముప్పు చిన్నది, ఆపైన గ్రాఫు వేగంగా లేస్తుంది.

ఈ అంకెలు చూపించగానే క్లాసులో కొందరి మొహాలు వెలుగుతాయి. వాళ్లకోసం వెంటనే క్యాన్సర్ లెక్క తీస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ 1988లోనే మద్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన మొదటి గ్రూపులో పెట్టింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, లివర్, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము. రొమ్ము క్యాన్సర్‌కు రోజుకు ప్రతి 10 గ్రాములకు ముప్పు సుమారు 7 శాతం పెరుగుతుందని 2002లో 53 అధ్యయనాలు కలిపి వేసిన లెక్క. ఇంత లోపు తాగితే ఏమీ కాదనే గీత క్యాన్సర్ విషయంలో దొరకలేదు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 'ఏ మోతాదూ సురక్షితం కాదు' అన్నది ఇందుకే. ముప్పు చిన్నదనడం వేరు, లేదనడం వేరు.

మెదడు మీద పేపరైతే

ఏం కొలిచారో చూడండి. ఎమ్మారై స్కాన్‌లో మెదడు సైజా, జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులా, ఎలుక మెదడులో రసాయనమా? ఇవి ఒకదానికొకటి బదులు కావు.

బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో 2017లో అన్యా తోపివాలా బృందం రాసిన పేపరు దీనికి మంచి ఉదాహరణ. 550 మంది తాగుడు వివరాలు 30 ఏళ్లపాటు మళ్లీ మళ్లీ అడిగి రాసుకున్నారు, చివర్లో స్కాన్ తీశారు. వారానికి 14 నుంచి 21 యూనిట్లు, అంటే 112 నుంచి 168 గ్రాములు తాగినవాళ్లలో కుడివైపు హిప్పోక్యాంపస్ కుంచించుకుపోవడం తాగనివాళ్లకన్నా బాగా ఎక్కువ కనిపించింది. జ్ఞాపకాలు కొత్తగా పోగయ్యేది అక్కడే. ఆ 21 యూనిట్లు అప్పట్లో బ్రిటన్‌లో మగవాళ్లకు ఫరవాలేదన్న హద్దు. 2016లో దాన్ని 14కు తగ్గించారు. ఇదే పేపర్లో ఇంకో సంగతి ఉంది. ఎక్కువ తాగినవాళ్లు ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు గబగబా చెప్పడంలో వేగంగా వెనకబడ్డారు గానీ, విన్న మాటల జాబితా గుర్తుపెట్టుకోవడంలో తేడా రాలేదు. 'మద్యంతో మతిమరుపు' అని శీర్షిక పెడితే ఈ సగం ఎగిరిపోతుంది.

2022లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన దానిలో 36,678 మంది స్కాన్లున్నాయి. అంత పెద్ద సంఖ్య చూసి మొదటిదానికన్నా ఇదే గట్టిదనుకోకండి. ఇక్కడ తాగుడూ స్కానూ దాదాపు ఒకే కాలానివి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది దాంతో తేలదు. 50 ఏళ్లవాళ్లలో రోజుకు ఒక యూనిట్ నుంచి రెండుకు వెళ్తే మెదడులో కనిపించే తేడా రెండేళ్ల వయసుతో సమానమన్నది వాళ్ల లెక్క. ఇది మనుషుల మధ్య సగటు తేడా. మీరు రేపటినుంచి రెండు తాగితే రెండేళ్లు ముసలివాళ్లవుతారని కాదు.

తాగించి చూసే ప్రయోగాల్లో ఒక ప్రశ్న తప్పక అడగండి: మందు ఉందని వాళ్లకు తెలుసా? 1973లో అమెరికాలో ఆలన్ మార్లాట్ బృందం కొందరికి వోడ్కా కలిపిన టానిక్ వాటర్ (కాస్త చేదుగా ఉండే సోడా), కొందరికి ఉత్త టానిక్ వాటర్ ఇచ్చింది. రెండూ రుచిలో తేడా తెలియనివి. అసలేమిచ్చారో దానితో పనిలేకుండా సగంమందికి వోడ్కా అని, సగంమందికి టానిక్ అని చెప్పారు. రుచి చూసి మార్కులు వెయ్యమన్నారు. ఎవరెంత తాగారన్నది గ్లాసులో ఉన్నదాన్ని బట్టి కాక, ఉందని నమ్మినదాన్ని బట్టి తేలింది. తాగుడుకు బానిసలైనవాళ్లలో కూడా ఇదే జరిగింది.

డబ్బెవరిది?

చివరి పేజీలో 'ఫండింగ్', 'కాంపీటింగ్ ఇంట్రెస్ట్స్' అని రెండు పేరాలుంటాయి, చిన్న అక్షరాల్లో. రోజుకో డ్రింక్ గుండెకు మంచిదా అని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ ఆధ్వర్యంలో 7,800 మందితో నిజంగానే చీటీ వేసి పరీక్ష మొదలుపెట్టారు. ఖర్చులో పెద్ద భాగం మద్యం కంపెనీలు ఇస్తామన్నాయి. ఆ డబ్బు కోసం సంస్థలోని ఉద్యోగులే కంపెనీల వెంటపడ్డారని బయటపడటంతో 2018 జూన్‌లో ఎన్ఐహెచ్ దాన్ని మూసేసింది. పరీక్ష సగటున ఆరేళ్లు నడిపేలా ప్లాన్ వేశారు. గుండెకు లాభం కనిపించడానికి ఆ కాలం సరిపోవచ్చు, క్యాన్సర్ బయటపడటానికి సరిపోదు. కంపెనీ డబ్బు అంకెలు మారుస్తుందని నేను అనను. ఏ ప్రశ్న అడగాలి, ఎప్పుడు ఆపాలి అన్నదాన్ని మార్చగలదు.

చదివాక మానేద్దామనుకుంటే

ఇది మాత్రం పరిశోధనల్లో తేలిన సంగతి, తగువులేదు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఏదో వార్త చదివి రాత్రికి రాత్రి ఆపెయ్యకూడదు. మద్యం మెదడులో గాబా అనే రసాయనం చేసే పనికి ఊతమిస్తుంది, గ్లుటమేట్ పనిని అణిచేస్తుంది. మెదడు దానికి సర్దుకుని గ్లుటమేట్ వైపు బలం పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా పోతే ఆ బలానికి పగ్గం ఉండదు. ఆరు గంటల తర్వాత చేతులు వణకడం, చెమటలు, టెన్షన్ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, ఎక్కడున్నారో తెలియకపోవడం, జ్వరం రావచ్చు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణం పోవచ్చు. ఇంతకుముందు మానినప్పుడు వణుకు గానీ ఫిట్స్ గానీ వచ్చినవాళ్లు, పొద్దున లేవగానే తాగాల్సి వచ్చేవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఆస్పత్రిలో మందులిచ్చి మెల్లగా దింపుతారు, బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది తక్కువైతే వచ్చే వెర్నికే అనే మెదడు జబ్బును వెంటనే పట్టుకోకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఇంట్లో ఎవరైనా మానేసిన రెండో రోజు తికమకగా మాట్లాడుతుంటే, నిద్రపోతే సర్దుకుంటుందని ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఆఖరిసారి ఎప్పుడు, ఎంత తాగారో డాక్టరుకు గంటలతో సహా చెప్పండి.